సున్నా బైట్ల ఫైలు: రికార్డర్ నుంచి కంప్యూటర్‌కు దిగని ఒక ఇంటర్వ్యూ కథ

“డ్రైవ్‌లో లోపం ఉంది, స్కాన్ చేసి సరిచేయాలా అని అడుగుతోందండీ. సరే అని నొక్కేయనా?”

ఫోనులో ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. వద్దన్నాను. కార్డును పద్ధతిగా ఎజెక్ట్ చేసి, పక్కనుండే చిన్న లాక్ మీటను కిందికి జరిపి, ఒక కవర్లో పెట్టి తెమ్మన్నాను. మళ్ళీ రికార్డర్‌లో మాత్రం పెట్టొద్దని రెండుసార్లు చెప్పాను.

ఆవిడ పరిశోధకురాలు. పెద్దవాళ్ళ జీవితానుభవాలను వాళ్ళ గొంతులోనే రికార్డు చేసి భద్రపరుస్తారు. రికార్డర్లలోని ఆడియోను చెడకుండా కంప్యూటర్‌కు చేర్చడం, చెడితే దక్కినంత దక్కించడం నా పని. ఈ కేసు గురించి రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. మనుషులను గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో లేవు.

ఆవిడ తెచ్చినవి రెండు: 32 జీబీ ఎస్‌డీ కార్డు ఒకటి, యూఎస్‌బీ సాకెట్ లేని పాత వాయిస్ రికార్డర్ ఒకటి. కార్డులో 14 ఫైళ్ళున్నాయి. వాటిలో పదమూడోది సున్నా బైట్లుగా కనిపిస్తోంది. దాదాపు గంటా నలభై ఎనిమిది నిమిషాలు మాట్లాడిన ఒక పెద్దావిడ ఇంటర్వ్యూ అది. ఆ పెద్దావిడకు తొంభై దాటాయి. ఆ తర్వాత ఆరోగ్యం బాగా తగ్గింది, మళ్ళీ అంతసేపు కూర్చుని చెప్పగలిగే స్థితి లేదు. అందుకే ఈ కేసును నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను.

అసలేం జరిగింది

ఆ కార్డు వాడిన రికార్డర్‌కు ఆ రోజు అడాప్టర్ నుంచి కరెంటు వస్తోంది. లోపల బ్యాటరీలు లేవు. మాటలు పూర్తవుతుండగా పక్కనున్నవాళ్ళెవరో లేచారు, కాలికి వైరు తగిలి ప్లగ్గు ఊడింది, రికార్డర్ ఆరిపోయింది. స్టాప్ నొక్కే అవకాశమే రాలేదు. మరుసటి రోజు అదే కార్డు మీద గది వాతావరణం కోసం ఒక చిన్న రికార్డింగ్ చేశారు, 3 నిమిషాల 40 సెకన్లు. అది పద్నాలుగో ఫైలు. ఇంటికొచ్చి కార్డును కంప్యూటర్‌కు పెట్టాకే పదమూడోది ఖాళీ అని తెలిసింది.

ఆ పద్నాలుగో ఫైలు సంగతి విన్నప్పుడు నాకు భయం వేసింది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ముందు కార్డుకు నకలు

చాలామంది ఫైళ్ళను కాపీ చేస్తారు. ఇలాంటి కేసుల్లో ఫైళ్ళను కాదు, కార్డు మొత్తాన్ని మొదటి సెక్టార్ (కార్డు మీది చిన్న గడి) నుంచి చివరి సెక్టార్ దాకా ఉన్నదున్నట్టు నకలు తీయాలి. మనకు కావలసిన శబ్దం ఏ ఫైలులోనూ లేదు, “ఖాళీ” అని రాసి ఉన్న చోట ఉంది. ఫైళ్ళను మాత్రమే కాపీ చేస్తే ఆ ఖాళీ వెంట రాదు.

లాక్ మీట గురించి ఒక మాట. అది కార్డు లోపల దేన్నీ ఆపదు. మీట ఏ వైపుందో రీడర్ గమనించి కంప్యూటర్‌కు చెబుతుంది, అంతే. కొన్ని చౌక రీడర్లు దాన్ని పట్టించుకోవు. అయినా లాక్ చేయమనే చెబుతాను, ఎందుకంటే కార్డు పెట్టగానే ఆపరేటింగ్ సిస్టమ్ మనల్ని అడక్కుండానే దాని మీద ఏదో ఒకటి రాసే అవకాశం ఉంది. విండోస్ అయినా మ్యాక్ అయినా తమ సొంత ఫోల్డర్లను అక్కడ సృష్టించుకుంటాయి. అవి చిన్నవే. కానీ మనం వెతుకుతున్న శబ్దం సరిగ్గా ఆ ఖాళీలోనే ఉన్నప్పుడు చిన్నదేదీ చిన్నది కాదు. “స్కాన్ చేసి సరిచేయడం” ఇంకా ప్రమాదం. అది సరిచేసేది ఫైళ్ళ పట్టికను, పోయిన శబ్దాన్ని కాదు. ఆ సరిచేసే పనిలో మనకు పనికొచ్చే ఆనవాళ్ళను చెరిపేయవచ్చు.

కార్డును రికార్డర్‌లో ఉంచి కేబుల్‌తో కలిపే పద్ధతి వదిలేసి, నేరుగా రీడర్‌లో పెట్టాను. రికార్డర్‌ను కేబుల్‌తో కలిపితే అది కూడా కార్డ్ రీడర్‌లాగే పనిచేస్తుంది, కాకపోతే సాధారణంగా నెమ్మదిగా. పైగా దాని సొంత సాఫ్ట్‌వేర్ ఆన్ అయినప్పుడు కార్డు మీద ఏమైనా రాస్తుందేమో బయటివాళ్ళకు తెలియదు. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో నకలు తీశాను. చదవడానికి మొరాయించే సెక్టార్లుంటే వాటిని పక్కన పెట్టి ముందుకు పోయి, తర్వాత మళ్ళీ వెనక్కి వచ్చి ప్రయత్నిస్తుంది. ఏది చదివిందో ఏది చదవలేదో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఈ కార్డులో చెడు సెక్టార్ ఒక్కటీ లేదు. జబ్బు కార్డుది కాదని అక్కడే తేలింది.

నకలు ఫైలుకు షా-256 ముద్ర తీశాను. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఈ ముద్ర పూర్తిగా మారిపోతుంది. ఆ నకలును ఇంకో డిస్కు మీదికి కాపీ చేసి, అక్కడా ముద్ర తీసి, రెండూ ఒకటేనని చూసుకున్నాక కార్డును కవర్లో పెట్టి డ్రాయర్లో వేశాను. ఆ తర్వాత పని అంతా నకలు మీదే.

మామూలు ఫైళ్ళు, మామూలుగా జరిగే తప్పు

బాగున్న పన్నెండింటి గురించి పెద్దగా చెప్పేది లేదు, ఒక్క విషయం తప్ప. ఈ రికార్డర్ ప్రతి ఫోల్డర్లోనూ ఫైళ్ళ నంబర్లను మొదటి నుంచి మొదలుపెడుతుంది. అంటే మూడు ఫోల్డర్లలోనూ ఒకే పేరుతో “001” ఉంది. ఆవిడ తన ల్యాప్‌టాప్‌లో అన్నిటినీ ఒకే ఫోల్డర్‌లోకి లాగి వేయబోయారు. ఆ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది, దాని స్థానంలో పెట్టమంటావా అని కంప్యూటర్ అడుగుతుంది. అలసిపోయిన చెయ్యి అవును అంటుంది. ఇలా పోయిన ఇంటర్వ్యూలను నేను చాలానే చూశాను, అందులో ఒక్కటీ యంత్రం చెడిపోవడం వల్ల పోలేదు. అందుకే ఫోల్డర్ పేరును ఫైలు పేరుకు ముందు చేర్చాకే ఒక చోటికి తెస్తాను.

తేదీలు కూడా నమ్మదగ్గట్టు లేవు. నాలుగు ఫైళ్ళు జనవరి 1 అని చూపిస్తున్నాయి. బ్యాటరీలు చాలాసేపు తీసి ఉంచితే రికార్డర్ గడియారం మొదటికి వచ్చేస్తుంది, మళ్ళీ సరిచేయకపోతే అలాగే సాగుతుంది. కార్డు మీద ఫైళ్ళ పట్టికను ఉంచే ఫ్యాట్32 పద్ధతిలో సమయం రికార్డర్ గడియారం చెప్పినట్టే నమోదవుతుంది, టైమ్ జోన్ ఏమిటో ఎక్కడా ఉండదు. ఫైలు మార్పు సమయం రెండేసి సెకన్ల మెట్లలోనే ఉంటుంది. ఆవిడ నోట్‌బుక్‌లో ప్రతి ఇంటర్వ్యూకూ తేదీ రాసి ఉంది కాబట్టి గండం గడిచింది. నేను ఫైళ్ళ తేదీలను మార్చలేదు. అసలు తేదీలను పక్కన ఒక పట్టికలో రాశాను. రికార్డర్ చెప్పిన తప్పు కూడా ఒక ఆధారమే, దాన్ని చెరపడం నాకు ఇష్టం ఉండదు.

పదమూడో ఫైలు

రికార్డర్ వేవ్ ఫైలును, అంటే కుదించని ఆడియో ఫైలును, ఎలా రాస్తుందో తెలిస్తే ఇక్కడ ఏం జరిగిందో అర్థమవుతుంది. ఫైలు మొదట్లో హెడర్ అనే చిన్న భాగం ఉంటుంది. ఇది ఏ రకం ఆడియో, సెకనుకు ఎన్ని శాంపిళ్ళు (శబ్దపు కొలతలు), ఒక్కోదానికి ఎన్ని బిట్లు, మొత్తం ఎంత పొడవు అనేవి అందులో ఉంటాయి. రికార్డింగ్ మొదలుపెట్టినప్పుడు పొడవెంతో రికార్డర్‌కు తెలియదు కదా. కాబట్టి ఆ గడిని ఖాళీగానో ఉత్తుత్తి అంకెతోనో ఉంచి, శబ్దాన్ని వరసగా రాసుకుంటూ పోతుంది. స్టాప్ నొక్కినప్పుడు వెనక్కి వెళ్ళి పొడవు నింపుతుంది. కార్డులోని ఫైళ్ళ పట్టికలో కూడా “ఇది ఇక్కడ మొదలైంది, ఇంత పొడవు” అని అప్పుడే ఖరారు చేస్తుంది. ఇల్లు కట్టి, సామాను సర్దుకుని, రిజిస్ట్రేషన్ మాత్రం చివర్న చేయించుకోవడం లాంటిది. కరెంటు పోయిన క్షణానికి ఇల్లుంది, కాగితం లేదు. పట్టిక దృష్టిలో అది ఖాళీ స్థలం.

ఖాళీ స్థలం కాబట్టి తర్వాత వచ్చినవాళ్ళు అక్కడే దిగవచ్చు. పద్నాలుగో ఫైలు గురించి నా భయం ఇదే.

ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను. ముందు ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను నకలు మీద నడిపాను. పోయిన ఫైళ్ళను వెతకడంలో అది చాలా మంచిది. ఫైళ్ళ పట్టికను పట్టించుకోకుండా, ఫైలు మొదట్లో ఉండే గుర్తులను బట్టి వెతుకుతుంది. వేవ్ ఫైలుకైతే “రిఫ్” (RIFF) అనే నాలుగు అక్షరాల గుర్తు. అది బాగున్న ఫైళ్ళన్నిటినీ, ఎప్పుడో చెరిపేసిన పాతవాటిని కొన్నిటినీ పట్టుకుంది. మనకు కావలసింది మాత్రం దొరకలేదు. గంటకు పైగా అలా పోయింది. ముందే బైట్లను ఉన్నవున్నట్టు చూపించే హెక్స్ ఎడిటర్ తెరిచి పద్నాలుగో ఫైలు ఎక్కడ మొదలైందో చూసి ఉంటే ఆ గంట మిగిలేది. పన్నెండో ఫైలు ముగిసిన క్లస్టర్‌కు (ఫైళ్ళకు స్థలాన్ని పంచి ఇచ్చే ముక్కకు) సరిగ్గా పక్క క్లస్టర్లోనే పద్నాలుగోది మొదలవుతోంది. అంటే పదమూడోదాని తల మీద పద్నాలుగోది కూర్చుంది. హెడర్ చెరిగిపోయింది, దానితోపాటు “రిఫ్” గుర్తూ పోయింది. గుర్తే లేని ఫైలును గుర్తును బట్టి వెతికే ప్రోగ్రామ్ ఎలా పట్టుకుంటుంది?

అయితే మిగతా శరీరం అక్కడే ఉండాలి. ఆవిడ ప్రయాణానికి ముందు కార్డును రికార్డర్‌లోనే ఫార్మాట్ చేశారు, మధ్యలో ఏ ఫైలునూ డిలీట్ చేయలేదు. ఈ ఒక్క అలవాటు మమ్మల్ని కాపాడింది. ఖాళీ అంతా ఒకే చోట ఉంటే రికార్డర్ వరసగా రాసుకుంటూ పోతుంది. మధ్యమధ్యలో డిలీట్ చేస్తూ వాడిన కార్డయితే ఒకే ఫైలు ముక్కలుముక్కలుగా అక్కడక్కడా పడి ఉండేది, పట్టిక లేకుండా ఆ ముక్కలను కలపడం దాదాపు అసాధ్యం. ఒకేసారి రెండు ఫైళ్ళు రాసే పద్ధతిలో, అంటే వేవ్‌తోపాటు ఎంపీ3 కూడా రాసేలా పెట్టి ఉన్నా, రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండేవి.

ఇప్పుడు లెక్క. ఈ రికార్డర్ సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో. సెకనుకు 48,000 శాంపిళ్ళు, ఒక్కోటి 3 బైట్లు, రెండు చానళ్ళు: మొత్తం 2,88,000 బైట్లు. నిమిషానికి 17.28 ఎంబీ, గంటకు ఒక జీబీకి కాస్త ఎక్కువ. పద్నాలుగో ఫైలు 220 సెకన్లు కాబట్టి 6,33,60,000 బైట్లు. ఈ రికార్డర్ హెడర్ 512 బైట్లు, బాగున్న పన్నెండింటిలోనూ అంతే ఉంది. మొత్తం 6,33,60,512. కార్డు స్థలాన్ని 32,768 బైట్ల క్లస్టర్ల లెక్కన ఇస్తుంది, కాబట్టి ఇది 1,934 క్లస్టర్లు ఆక్రమించింది, అంటే 6,33,73,312 బైట్లు. ఆ తర్వాతి బైటు నుంచి ఉన్నదంతా పెద్దావిడ గొంతు అయి ఉండాలి.

అక్కడి నుంచి రెండు జీబీల దాకా ఒక ముక్కగా కోసి, ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రామ్‌లో “రా డేటా”గా, అంటే హెడర్ లేని ముడి బైట్లుగా, ఇంపోర్ట్ చేశాను. ఇలా తెరిచేటప్పుడు హెడర్ చెప్పాల్సినవన్నీ మనమే చెప్పాలి: 24 బిట్ సైన్డ్, లిటిల్ ఎండియన్ (తేలిక బైటు ముందు, బరువైనది చివర), స్టీరియో, 48,000. ప్లే నొక్కే ముందు హెడ్‌ఫోన్స్ చెవుల నుంచి తీసేయండి, లేదా వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. ఇది నేను మనస్ఫూర్తిగా చెబుతున్న మాట. బైట్ల వరస ఒక్కటి తప్పినా వచ్చేది మాట కాదు, చెవులు చిల్లులు పడే పూర్తి స్థాయి హోరు.

వచ్చింది హోరే. ఒక శాంపిల్‌లోని మూడు బైట్లలో చివరిది బరువైనది, మొదటిది తేలికైనది. ఎక్కడ మొదలుపెట్టాలో తప్పితే తేలిక బైటు బరువు స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది, శబ్దం మొత్తం ఇసుక రాలినట్టు అయిపోతుంది. రెండు చానళ్ళు కలిపి ఆరు బైట్లు ఒక జట్టు. కాబట్టి మొదలుపెట్టే చోటును ఒక్కో బైటు జరుపుతూ పోతే ఆరు అవకాశాల్లో ఎక్కడో ఒక చోట మాట దొరకాలి.

ఒక బైటు జరపగానే మాట వచ్చింది.

స్పష్టంగా, ఏ మచ్చా లేకుండా ఒక పెద్దావిడ గొంతు, మధ్యలోంచి అందుకున్న వాక్యం. ఎన్నిసార్లు చేసినా ఆ క్షణం నాకు పాతబడదు. పరిశోధకురాలు నా పక్కనే ఉన్నారు. ఆవిడ ఏమీ అనలేదు, కుర్చీని కాస్త దగ్గరికి లాక్కున్నారు.

అక్కడితో ఆగిపోయి ఉంటే తప్పు పని చేసినవాణ్ణి అయ్యేవాణ్ణి. రెండు నిమిషాలు విన్నాక ఆవిడే అన్నారు: “నేనెప్పుడూ మైకుకు ఎడమ వైపే కూర్చుంటానండీ. ఇందులో కుడి వైపు వినిపిస్తున్నానేమిటి?”

అప్పుడు లెక్క కాగితం మీద పెట్టాను. 6,33,73,312లోంచి హెడర్ 512 తీసేస్తే 6,33,72,800. దాన్ని ఆరుతో భాగిస్తే శేషం 2. అంటే మన ముక్క ఒక జట్టు మధ్యలో, రెండు బైట్లు దాటాక మొదలవుతోంది. మిగిలిన 4 బైట్లు వదిలేస్తే కొత్త జట్టు సరిగ్గా మొదలవుతుంది. నేను వదిలింది ఒక్కటే. ఒక్కటి వదిలినప్పుడు కుడి చానల్ నుంచి మొదలైంది కాబట్టి మాట బాగానే వినిపించింది, కానీ కుడి ఎడమలు తారుమారయ్యాయి. అంతేకాదు, ఒక చానల్ రెండోదాని కంటే ఒక శాంపిల్ తేడాతో జతపడింది. ఆ తేడా సెకనులో నలభై ఎనిమిది వేలవ వంతు. చెవికి తెలియదు. అయినా అది తప్పు, ఆర్కైవ్‌లోకి వెళ్ళిన తప్పు అక్కడే ఉండిపోతుంది. ఆరింటిలో రెండు చోట్ల మాట వస్తుంది, ఒక్కటే సరైనది. 4 పెట్టి మళ్ళీ తెరిస్తే పరిశోధకురాలి గొంతు ఎడమకు వచ్చింది. ఆవిడ చెవే నాకు ఆ రోజు దారి చూపింది.

చివర ఎక్కడో ఎలా తెలుస్తుంది? హెడర్ లేదు కాబట్టి ఎవరూ చెప్పరు, వినాలి. 1 గంట 44 నిమిషాల 6 సెకన్ల దగ్గర ఒక మాట మధ్యలో తెగి, వెంటనే హోరు మొదలైంది. కార్డును ఫార్మాట్ చేసినప్పుడు సాధారణంగా పట్టిక మాత్రమే చెరుగుతుంది, పాత శబ్దం అలాగే కింద ఉంటుంది. ఆ హోరు అంతకుముందు ఎప్పుడో చేసిన ఇంకో రికార్డింగ్. దాని ఆరు బైట్ల జట్టు వరస మనదానితో కలవక హోరుగా మారింది. నిర్ధారణ కోసం వరస జరిపి మూడు సెకన్లు విన్నాను. వేరే మనిషి గొంతు. అక్కడే మూసేశాను. ఆ మనిషి ఈ పనికి అనుమతి ఇవ్వలేదు. కార్డు నకలు తీసేవాళ్ళ చేతికి ఇలాంటివి వస్తుంటాయి. పనికి అవసరమైనంత మించి వినకపోవడం ఈ పనిలో సాంకేతిక నియమాలంత గట్టి నియమమని నేననుకుంటాను.

ప్లగ్గు ఊడిన క్షణానికి రికార్డర్ లోపలి మెమరీలో ఇంకా కార్డు మీదికి రాయని శబ్దం కొంత ఉంటుంది. అది దక్కదు. మొదట్లోని 3 నిమిషాల 40 సెకన్లు కూడా దక్కవు, అక్కడ ఇప్పుడు గది నిశ్శబ్దం ఉంది. ఒకదాని మీద ఒకటి రాశాక కింది పొరను బయటికి తీసే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. అలా తీస్తామని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఫైలు చేసేటప్పుడు ఆడాసిటీ నుంచి ఎగుమతి చేయలేదు. అది లోపల 32 బిట్ ఫ్లోట్‌లో పనిచేస్తుంది, ఎగుమతిలో డిథర్ అనే సన్నటి శబ్దం కలిపే సెట్టింగు ఉంటుంది. ఆపేయవచ్చు, కానీ ఆపానో లేదో ఆరు నెలల తర్వాత నాకు గుర్తుండదు. సాక్స్ అనే ప్రోగ్రామ్‌తో ఆ బైట్లకు ముందు సరైన హెడర్ మాత్రం తగిలించాను. తర్వాత కొత్త ఫైలులోని శబ్ద భాగానికీ కార్డు నకలులోని అదే భాగానికీ ముద్రలు తీసి పోల్చాను. ఒకటే. కార్డు మీద ఏది పడిందో అదే ఫైలులో ఉంది, బిట్టు తేడా లేదు.

పాత వాయిస్ రికార్డర్

దీన్ని కొంత త్వరగా ముగిస్తాను, కానీ తెలియక చేసే తప్పులు దీనిలోనే ఎక్కువ. కార్డు లేదు, యూఎస్‌బీ లేదు. బయటికి దారి ఒక్కటే, హెడ్‌ఫోన్ సాకెట్. లోపల 23 రికార్డింగులు, మొత్తం 5 గంటల 20 నిమిషాలు. సాకెట్ నుంచి తీయడమంటే ప్లే చేస్తూ రికార్డు చేయడం. 5 గంటల 20 నిమిషాలదానికి కనీసం 5 గంటల 20 నిమిషాలు పడుతుంది, దానికి అడ్డదారి లేదు.

ల్యాప్‌టాప్‌లకు ఉండే ఒకే ఒక్క సాకెట్‌లోకి వైరు పెడితే సాధారణంగా పని జరగదు. అది హెడ్‌సెట్ కోసం చేసినది. దానిలోని మైకు దారి మోనో, చాలా చిన్న సంకేతం కోసం ఉద్దేశించినది, పైగా మైకుకు కాస్త కరెంటు కూడా పంపుతుంది. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి వచ్చే బలమైన సంకేతం అక్కడ నలిగిపోతుంది. బలమైన సంకేతాన్ని తీసుకునే లైన్ ఇన్ సాకెట్ ఉన్న ఒక చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ వాడాను.

రికార్డర్ మెనూలో నాలుగు చూసుకున్నాను. ప్లే వేగం మామూలుగా ఉందా. నిశ్శబ్దాన్ని దాటేసే సౌకర్యం ఆపి ఉందా. ఇది ఆన్‌లో ఉంటే మనిషి ఆలోచిస్తూ ఆగిన క్షణాలన్నీ మాయమవుతాయి, వినేవాళ్ళకు అది తెలియనే తెలియదు. బాస్ పెంచే సెట్టింగు లేకుండా ఉందా. బటన్ల బీప్ ఆపి ఉందా. నాలుగోది మొదటిసారి చూసుకోలేదు. రెండు రికార్డింగులు అయ్యాక వింటే ప్రతిదాని మొదట్లో బీప్ పడింది. మళ్ళీ మొదటి నుంచి చేశాను. కంప్యూటర్ వైపు కూడా “ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్” లాంటివన్నీ ఆపాలి. వీడియో కాల్స్ కోసం పెట్టిన ఆ సౌకర్యాలు గొంతును బాగుచేస్తున్నామనుకుని వెనకున్న శబ్దాలను మింగేస్తాయి.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేశాను. అంతర్జాతీయ శబ్ద, దృశ్యశ్రవ్య భాండాగారాల సంఘం ఐఏఎస్‌ఏ తన టీసీ-04 మార్గదర్శకాల్లో చెప్పిన కనీస స్థాయి అదే. గట్టిగా పలికిన మాటలు మైనస్ 12 డీబీ దగ్గర, అంటే పై అంచుకు 12 డెసిబెల్స్ కింద, ఉండేలా వాల్యూమ్ పెట్టాను. ఒక్కో బిట్టుకు సుమారు 6 డీబీల చోటు వస్తుంది, 24 బిట్లుంటే పై అంచు దాకా తోయాల్సిన అవసరమే లేదు. అంచు దాటి తెగిన శబ్దాన్ని మాత్రం తర్వాత అతికించలేం. సన్నటి హోరు వినిపిస్తే ల్యాప్‌టాప్ చార్జర్ తీసేశాను, పోయింది. రికార్డర్‌లో కొత్త బ్యాటరీలు వేశాను.

శబ్దంతోపాటు రాని సమాచారం ఒకటుంది. ప్రతి రికార్డింగు తేదీ, సమయం ఆ చిన్న తెర మీదే కనిపిస్తాయి, సాకెట్‌లోంచి రావు. 23 తెరలకు 23 ఫోటోలు తీశాను, ఫోటో నంబరు, ఫైలు నంబరు ఒకటే ఉండేలా. పది నిమిషాల పని. చేయకపోతే ఆ యంత్రం ఆరిపోయిన రోజున ఏది ఎప్పటిదో చెప్పేవాళ్ళుండరు.

అప్పగింత

ఆవిడకు ఇచ్చినవి: కార్డు నకలు, వేరుచేసిన ఫైళ్ళు, వాయిస్ రికార్డర్ ఫైళ్ళు, ఫోటోలు, ముద్రల జాబితా, రాతలోకి దింపుకోవడానికి తేలికైన ఎంపీ3లు, ఏం చేశానో ఎందుకు చేశానో రాసిన ఒక పేజీ. పదమూడో ఫైలు పక్కన ఆ పేజీలో ఇలా రాశాను: మొదటి 3 నిమిషాల 40 సెకన్లు లేవు, తర్వాతి రికార్డింగు వాటి మీద పడింది, చివరి కొన్ని క్షణాలు లేవు, విద్యుత్తు ఆగింది, మిగిలిన 1 గంట 44 నిమిషాల 6 సెకన్లు కార్డు మీద ఉన్నట్టే ఉన్నాయి. రేపు ఎవరైనా ఆ ఫైలు తెరిచి, ఇంటర్వ్యూ వాక్యం మధ్యలో మొదలైందేమిటని అడిగితే జవాబు ఫైలు పక్కనే ఉండాలి.

పోయిన మొదటి భాగంలో ఒక ముఖ్యమైనది ఉంది. పెద్దావిడ తన పేరు చెప్పి, ఈ మాటలు భద్రపరచడానికి ఒప్పుకుంటున్నానని అన్నది అక్కడే. పరిశోధకురాలు మళ్ళీ వెళ్ళి, జరిగింది చెప్పి, ఆ అనుమతిని ఇంకోసారి రికార్డు చేసుకొచ్చారు. ఒకటిన్నర నిమిషం. దాన్ని పాత ఫైలుకు అతికించలేదు, వేరే ఫైలుగా, వేరే తేదీతో ఉంచాం. ఈసారి రికార్డర్‌లో బ్యాటరీలు వేసి, అడాప్టర్ కూడా పెట్టానని, స్టాప్ నొక్కి, తెర మీద ఫైలు పేరు కనిపించాకే వైరు ముట్టుకున్నానని ఆవిడ చెప్పారు.

వెళ్ళేటప్పుడు అడిగారు: “ఇక ఆ కార్డును ఫార్మాట్ చేసుకోవచ్చా?”

ఇంకా వద్దన్నాను. మీ కంప్యూటర్లో ఒక కాపీ, వేరే చోట ఇంకో కాపీ పెట్టండి, రెండింటి ముద్రలూ నా జాబితాతో సరిపోతున్నాయో చూడండి, పదమూడో ఫైలును మొత్తం ఒకసారి వినండి, ఆ తర్వాత నాకు ఫోన్ చేయండి అని చెప్పాను. తొమ్మిది రోజులకు ఫోన్ వచ్చింది. ముద్రలు సరిపోయాయని, మొత్తం విన్నానని, మధ్యలో పెద్దావిడ నవ్విన చోట రెండుసార్లు వెనక్కి వెళ్ళి విన్నానని చెప్పారు. అప్పుడు కార్డును రికార్డర్‌లో పెట్టి అక్కడే ఫార్మాట్ చేసుకోమన్నాను.